పుష్కరాల రద్దీలో ప్రత్యక్ష ప్రసారానికి 5జీ స్లైస్ దొరుకుతుందా? దొరికితే అది ఎవరి వాటాలోంచి?

గోదారి_లైవ్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. పెళ్లిళ్లు, గుళ్లలో ఉత్సవాలు, సభలు ప్రత్యక్ష ప్రసారం చేసే చిన్న బృందం మాది. కెమెరా పట్టుకున్న మనిషి వీపున ఒక ఎన్‌కోడర్ సంచీ ఉంటుంది. అందులో వేర్వేరు సంస్థల సిమ్‌లు వేస్తాం. వీడియోను ముక్కలు చేసి అన్ని సిమ్‌ల మీదుగా పంపితే, అవతల సర్వర్ మళ్లీ అతికిస్తుంది. మామూలు రోజుల్లో దీనికి తిరుగులేదు. కార్తిక పౌర్ణమి సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీదో, శివరాత్రికి కోటిలింగాల ఘాట్ దగ్గరో నిలబడితే మాత్రం అన్ని సిమ్‌లూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. ఫోను మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తుంటాయి, వీడియో మాత్రం కదలదు. సరిగ్గా హారతి వేళకు బొమ్మ నిలిచిపోతే, దూరదేశాల్లో కూర్చుని చూస్తున్న వాళ్ల బాధ మాకు ఫోన్ల రూపంలో వచ్చి పడుతుంది.

2023 మే 6న లండన్‌లో ఛార్లెస్ రాజు పట్టాభిషేకం జరిగినప్పుడు వొడాఫోన్ తన 5జీ నెట్‌వర్క్‌లో ఐటీఎన్ వార్తా సంస్థ కోసం విడిగా ఒక స్లైస్, అంటే ఆ నెట్‌వర్క్‌లోనే ఒక ప్రత్యేక వాటా, కేటాయించింది. వీధుల నిండా జనం ఉన్నా వాళ్ల వీడియో ఆ దారిలో స్టూడియోకు చేరింది. 2027లో మనకు గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పటికి మాలాంటి వాళ్లకు ఇక్కడ అలాంటిది దొరికే అవకాశం ఉందా? ఎవరిని అడగాలి? అసలు అది లోపల ఎలా పనిచేస్తుంది? తెలిసిన వాళ్లు వివరంగా చెబితే మేలు చేసిన వాళ్లవుతారు.

---

ప్యాకెట్_బాటసారి (బెంగళూరు)

మంచి ప్రశ్న అడిగారు. నేను మొబైల్ కోర్ నెట్‌వర్క్ (టవర్ల వెనక కాల్స్‌నూ డేటానూ నడిపించే భాగం) సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. ఆ వైపు నుంచి చెబుతాను, రేడియో సంగతి ఆ పని చేసే వాళ్లు చెబితే బాగుంటుంది.

ఒక్కో అవసరానికి ఒక్కో రకమైన కనెక్షన్ ఇవ్వడం 5జీతో మొదలైన పని కాదు. జియో 2016 సెప్టెంబరులో వోల్టీతో (4జీ డేటా మీదుగానే కాల్స్) వచ్చినప్పటి నుంచి మీ ఫోనులో రోజూ జరుగుతున్నదే. మీరు కాల్ చేయగానే మాట కోసం నెట్‌వర్క్ విడిగా ఒక బేరర్, అంటే ఒక డేటా దారి, తెరుస్తుంది. దానికి తరగతి సంఖ్య 1. ఆ మాట 100 మిల్లీసెకన్ల లోపు నెట్‌వర్క్ దాటాలని లక్ష్యం. మామూలు ఇంటర్నెట్‌కు తరగతి సంఖ్య 9, అక్కడ 300 మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. వీడియో ఆగి ఆగి వస్తున్న చోట కూడా కాల్ స్పష్టంగా వినపడటానికి కారణం ఇదే.

5జీ చేసిందల్లా ఈ పద్ధతిని సిమ్ నుంచి సర్వర్ దాకా మొత్తం దారికి విస్తరించడం. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ. దాని ప్రమాణాల 15వ విడుదలతో స్లైసింగ్ వచ్చింది. ప్రతి స్లైస్‌కూ ఒక గుర్తింపు ఉంటుంది. 8 బిట్లు దాని రకాన్ని చెబుతాయి, ఇంకో 24 బిట్లు ఆ రకంలో ఏ స్లైసో చెబుతాయి. రకం 1 వేగవంతమైన మామూలు డేటాకు, 2 ఆలస్యాన్ని ఓర్వలేని పనులకు, 3 లెక్కకు మించిన సెన్సర్లకు. వాహనాల కోసం 4 తర్వాత చేరింది. ఒక ఫోను ఒకేసారి 8 స్లైస్‌ల దాకా వాడుకోవచ్చు. ఏ యాప్ డేటా ఏ స్లైస్‌లోకి వెళ్లాలో చెప్పే నియమాల పట్టిక నెట్‌వర్క్ నుంచి ఫోనుకు వస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఓఎస్ 17 నుంచి దీనికి ఏర్పాటు ఉంది. మీ ఎన్‌కోడర్ సంచీలోని మోడెమ్‌కు ఆ పట్టిక అర్థం కావాలి. ముందు తయారీదారును ఆ మాట అడగండి.

ఇంకో షరతు. నెట్‌వర్క్‌లో కోర్ కూడా 5జీదే అయి ఉండాలి, అంటే స్టాండ్‌అలోన్. 4జీ కోర్ మీద 5జీ రేడియోను కూర్చోబెట్టిన నాన్-స్టాండ్‌అలోన్ పద్ధతిలో ఈ స్లైసింగ్ కుదరదు. మన దేశంలో 2022 అక్టోబరులో జియో మొదటి దారిలో, ఎయిర్‌టెల్ రెండో దారిలో 5జీ మొదలుపెట్టాయి. ఇళ్లకు ఇచ్చే ఎయిర్‌ఫైబర్ ట్రాఫిక్‌ను స్లైసింగ్‌తో మొబైల్ ట్రాఫిక్ నుంచి వేరుచేస్తున్నామని జియో బహిరంగంగానే చెప్పింది. కాబట్టి సాంకేతికంగా అది ఇక్కడ కొత్త వస్తువేమీ కాదు. మీలాంటి చిన్న బృందానికి ఒక్క సాయంత్రం కోసం ఇవ్వడానికి ధర, ఒప్పందం ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

---

సైట్_ఇంజినీర్_గుంటూరు

బాటసారి గారు కోర్ సంగతి చక్కగా చెప్పారు. పేచీ అంతా టవరుకూ జేబులో ఫోనుకూ మధ్య గాలిలో ఉంది, అది చెబుతాను.

ముందు సిగ్నల్ గీతల సంగతి. టవరు పంపే గుర్తు సంకేతం మీ ఫోనుకు ఎంత బలంగా వినిపిస్తోందో ఆ గీతలు చూపిస్తాయి. ఆ టవరు మీద ఎంతమంది ఉన్నారో అవి చూపించవు. అందుకే జాతరలో గీతలు నిండుగా ఉండి పని సున్నాగా ఉంటుంది.

ఇక అప్‌లోడ్. 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పైకి, కిందికి ఒకే ఫ్రీక్వెన్సీ వాడతారు, సమయాన్ని పంచుకుంటారు. వాడుకలో ఎక్కువగా ఉన్న క్రమంలో అయిదు స్లాట్లలో మూడు కిందికి, ఒకటి మారడానికి, ఒకటి పైకి. అంటే మీ కెమెరాకు పనికొచ్చే సమయం సుమారు అయిదో వంతు. ఘాట్ దగ్గర ఆ రోజు అందరూ ఫోటోలు, వీడియోలు పైకే పంపుతుంటారు. పోనీ ఆ ఒక్క టవరులో ఈ క్రమాన్ని తిరగేద్దామా అంటే కుదరదు. పక్క టవరు ప్రసారం చేస్తున్న క్షణంలో ఇది వినడానికి ప్రయత్నిస్తే ఏమీ వినపడదు. ఒక సంస్థ టవర్లన్నీ ఒకే క్రమంలో నడవాలి. పక్క బ్యాండ్‌లో ఉన్న ఇంకో సంస్థతో కూడా కలిసి నడిస్తేనే క్షేమం.

స్లైస్ అనగానే గాలిలో గోడ కట్టేస్తారని చాలామంది అనుకుంటారు. జరిగేది షెడ్యూలర్‌కు, అంటే ఏ క్షణాన ఎవరికి చోటివ్వాలో తేల్చే టవరు సాఫ్ట్‌వేర్‌కు, ఒక నియమం చెప్పడం. 100 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న 5జీ సెల్‌లో (టవరు ఒక వైపు కవర్ చేసే ప్రాంతం) 273 రిసోర్స్ బ్లాకులు, అంటే పంచిపెట్టే ఫ్రీక్వెన్సీ ముక్కలు, ఉంటాయి. అర మిల్లీసెకనుకొకసారి ఈ బ్లాకులు ఎవరికి ఇవ్వాలో షెడ్యూలర్ తేల్చుకోవాలి. మీ స్లైస్‌కు కనీసం 10 శాతం అని రాస్తే, అవసరం పడినప్పుడు సుమారు 27 బ్లాకులు మీవి. మీరు వాడనప్పుడు వేరేవాళ్లు వాడుకుంటారు. పూర్తిగా కేటాయించమని రాసే వీలూ ఉంది, అప్పుడు మీరు కెమెరా ఆపేసినా అవి ఖాళీగానే ఉంటాయి. గరిష్ఠ పరిమితి కూడా పెట్టవచ్చు. ఈ మూడు అంకెల్లో ఏది ఎంత అన్న దగ్గరే స్లైస్ విలువ తేలుతుంది. ఒప్పందంలో ఈ అంకెలు లేకుండా ‘ప్రీమియం కనెక్టివిటీ’ అని మాత్రమే రాసి ఉంటే సంతకం పెట్టవద్దు.

మన గోదావరి దగ్గర ఇంకో చిక్కు ఉంది. నీటి మీద అడ్డంకులు ఉండవు కాబట్టి అవతల కొవ్వూరు వైపు టవర్ల సిగ్నల్ కూడా ఇవతలి మెట్ల దాకా వచ్చేస్తుంది. నాలుగైదు సెల్స్ ఒకేలా వినపడే చోట ఫోను ఒకదాని నుంచి ఒకదానికి మారుతూ ఉంటుంది, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డుపడటం పెరుగుతుంది. మారుతున్న ప్రతి సెల్‌లోనూ మీ స్లైస్ ఏర్పాటు చేసి ఉండాలి. ఒక్క సెల్‌లో మరిచిపోయినా అక్కడికి వెళ్లగానే మీరు మామూలు క్యూలో పడతారు.

---

గోదారి_లైవ్

సైట్ ఇంజినీర్ గారూ, కొవ్వూరు టవర్ల మాట విన్నాక చాలా సంగతులు అర్థమయ్యాయి. మా కెమెరామన్ రేవు మెట్ల మీద నాలుగు మెట్లు పైకి ఎక్కితే ఒక్కోసారి వీడియో దానంతట అదే కోలుకుంటుంది.

ఒక సందేహం. స్లైస్ ఉంటే, అంత జనంలో మొదట నెట్‌వర్క్‌లోకి చేరడానికైనా ఇబ్బంది ఉండదా?

---

సైట్_ఇంజినీర్_గుంటూరు

ఉంటుంది. ఫోను మొదట టవరును పలకరించేది అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక చిన్న చానెల్‌లో. వేల ఫోన్లు ఒకేసారి పలకరిస్తే ఒకరి మాట ఒకరి మీద పడి ఎవరిదీ వినపడదు. అప్పటికి మీ స్లైస్ ఏదో టవరుకు తెలియదు. స్లైస్‌ను బట్టి ఈ మొదటి పలకరింపునూ వేరుచేసే ఏర్పాటు 17వ విడుదలలో వచ్చింది గాని, దానికి టవరులోనూ మోడెమ్‌లోనూ మద్దతు ఉండాలి. అందాకా మీరు చేయగలిగింది ఒక్కటే, జనం చేరకముందే కనెక్ట్ అయ్యి, లైన్ ఖాళీగా వదలకుండా ఉండటం.

---

శివారు_చెరువు (పశ్చిమ గోదావరి)

మధ్యలో దూరుతున్నాను, మన్నించండి. రొయ్యల చెరువుల వాడిని. మాది కాలువ శివారు. కాలువకు నీళ్లు తక్కువగా ఉన్న ఏడాది పైన తూము దగ్గర ఎవరికైనా వంతు పెంచారంటే, అది రాసిన కాగితంలో మా పేరు ఉండదు గాని ఎండేది మా చేలే. సైట్ ఇంజినీర్ గారు ‘కనీసం 10 శాతం’ అన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆ 10 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? ఘాట్‌లో తప్పిపోయిన పిల్లాడి కోసం ఫోను చేస్తున్న తల్లి వాటాలోంచేనా?

ఇంకోటి. మా చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు పెట్టాం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెంటనే తిరగాలి, లేకపోతే పెట్టుబడి మొత్తం నీళ్ల మీద తేలుతుంది. మోటార్లకు సిమ్ ఉన్న స్టార్టర్లు ఉన్నాయి, 2జీతో నడుస్తాయి. ‘సెన్సర్ల కోసం వేరే నెట్‌వర్క్ వచ్చింది, అది వేసుకోండి’ అంటున్నారు అమ్మేవాళ్లు. మాలాంటి వాళ్లకు అది పనికొస్తుందా?

---

ప్యాకెట్_బాటసారి

శివారు చెరువు గారూ, రెండో ప్రశ్నకు నేను చెప్పగలను. మొదటి దానికి ఇంకెవరైనా చెప్పాలి, అది సాంకేతిక ప్రశ్న కాదు.

వాళ్లు చెబుతున్నది ఎన్‌బీ-ఐఓటీ అయి ఉంటుంది. 3జీపీపీ 13వ విడుదలలో, 2016లో ఖరారైంది. 180 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు, అంటే 4జీలో ఒక్క రిసోర్స్ బ్లాకు. వేగం తక్కువ. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపి అయినా చేరవేస్తుంది. అందుకే గొయ్యిలో ఉన్న నీటి మీటర్లకు, గోడ వెనక కరెంటు మీటర్లకు సరిగ్గా సరిపోతుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి రావడానికి కారణం పరికరం ఎక్కువ సమయం నిద్రపోవడం. నిద్రలో ఉన్నప్పుడు నెట్‌వర్క్ పిలిచినా అది పలకదు. తనంతట తాను లేచి మాట్లాడినప్పుడే దానికి ఏదైనా చెప్పగలం.

దీని అర్థం మీ చెరువు దగ్గర ఎలా ఉంటుందో చూడండి. సెన్సర్ తనే లేచి ‘ఆక్సిజన్ తగ్గింది’ అని చెప్పే పనికి ఎన్‌బీ-ఐఓటీ బాగుంటుంది. మీరు ఇంటి నుంచి ‘మోటారు వెయ్యి’ అని ఆదేశం పంపే పనికి, నిద్ర సెట్టింగు ఉన్న పరికరం పనికిరాదు. స్టార్టర్‌కు ఎలాగూ కరెంటు ఉంటుంది, దాన్ని నిద్రపుచ్చాల్సిన అవసరం లేదు. అమ్మేవాళ్లను ఆ నిద్ర సెట్టింగులు ఏమిటని అడగండి. జవాబు తడుముకుంటే వస్తువు కొనవద్దు. అన్నింటికీ మించి సెన్సర్‌కూ స్టార్టర్‌కూ మధ్య చెరువు గట్టు మీదే నేరుగా ఒక తీగ గాని, దగ్గరి రేడియో గాని ఉండాలి. నెట్‌వర్క్ ఏదైనా సరే, నీళ్లలో ఊపిరి నిలపాల్సిన నిర్ణయం టవరు దాకా వెళ్లి రాకూడదు.

---

అత్యవసర_విధి

అంబులెన్సు సేవల్లో పనిచేస్తున్నాను. శివారు చెరువు గారి మొదటి ప్రశ్నే నా ప్రశ్న కూడా.

2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజే, రాజమహేంద్రవరం ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. ప్రాణాలు పోయాయి. 2027 గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ రోజును పక్కన పెట్టి మాట్లాడటం నాకు సాధ్యం కాదు. జనం గుమిగూడిన చోట అంబులెన్సుకు దారి ఎటు ఖాళీగా ఉందో, ఏ ఆసుపత్రిలో చోటుందో తెలియాలి. మా చేతిలో ఉన్నది మామూలు సిమ్ ఉన్న ట్యాబ్. రద్దీలో అది కూడా గోదారి లైవ్ గారి కెమెరా లాగే నిలిచిపోతుంది.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయాయి. టవరుకు కరెంటే లేనప్పుడు ఏ స్లైసూ ఆదుకోదని నాకు తెలుసు. పుష్కరాలు అలాంటివి కావు. తేదీ ముందే తెలుసు, చోటు తెలుసు, జనం వస్తారని తెలుసు. అక్కడ కూడా మా ట్యాబ్ మామూలు క్యూలో నిలబడాలా? ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో ఎవరైనా చెప్పగలరా?

---

డాలస్_తెలుగు

ఇక్కడ అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు చాలా పెద్ద మూల్యం చెల్లించాక వచ్చింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో పోలీసుల రేడియోలు, అగ్నిమాపక సిబ్బంది రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయి. ఆ అనుభవం మీద 2012లో చట్టం చేసి ఫస్ట్‌నెట్ అనే వ్యవస్థ ఏర్పాటు చేశారు. 700 మెగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను దానికి కేటాయించి, 2017లో నిర్మాణ బాధ్యత ఏటీ అండ్ టీకి అప్పగించారు. మామూలు రోజుల్లో ఆ స్పెక్ట్రమ్‌ను సాధారణ వినియోగదారులూ వాడుకుంటారు. విపత్తు వేళ అత్యవసర సిబ్బంది వస్తే వాళ్లకు ముందు చోటు దొరుకుతుంది, అవసరమైతే అప్పటికే ఉన్నవాళ్లను తప్పిస్తారు. ముందు వరసలో నిలబెట్టడం ఒకటి, ఉన్నవాళ్లను లేపి చోటివ్వడం ఇంకొకటి. మీరు అడిగేటప్పుడు రెండూ విడివిడిగా అడగండి. టీ-మొబైల్ కూడా 2024లో అత్యవసర సిబ్బంది కోసం 5జీ స్లైస్‌తో టీ-ప్రయారిటీ అనే సేవ మొదలుపెట్టింది.

అయితే సాంకేతికత ఉంటే సరిపోదనడానికి ఒక ఉదంతం చెప్పాలి. 2018లో కాలిఫోర్నియాలో మెండసినో కార్చిచ్చు చెలరేగినప్పుడు శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ ఒక వాహనాన్ని కమాండ్ కేంద్రంగా వాడుకుంది. ఏ బృందం ఎక్కడుందో, ఏ వాహనం ఎటు వెళ్లాలో అందులోంచే చూసుకునేవారు. దాని వెరిజాన్ సిమ్ నెలవారీ డేటా పరిమితి దాటగానే వేగాన్ని బాగా తగ్గించేశారు. మంటలు ఆర్పుతూ మధ్యలో ప్లాన్ మార్చమని ఈ-మెయిళ్లు నడిపారు. వినియోగదారుల సేవలో పొరపాటు జరిగిందని వెరిజాన్ తర్వాత ఒప్పుకుంది. ప్రాధాన్యం నెట్‌వర్క్‌లో ఎంత ఉన్నా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒకరు ఆ సిమ్‌ను మామూలు ప్లాన్ కింద రాసి ఉంచితే అంతే సంగతులు. అత్యవసర విధి గారూ, మీ ట్యాబ్ సిమ్ ఏ ప్లాన్‌లో ఉందో ఈ వారమే కనుక్కోండి.

వ్యాపార అవసరాలకూ స్లైస్ వాడుతున్నారు. 2023 నవంబరులో లాస్‌వేగస్ కార్ల పందేలప్పుడు టీ-మొబైల్ టికెట్ల తనిఖీ, దుకాణాల్లో చెల్లింపుల లాంటి నిర్వాహకుల పనులను స్లైస్ మీద నడిపింది. మన జాతరల్లో ప్రసాదం కౌంటర్ దగ్గర కార్డు యంత్రం తిరుగుతూ ఉండిపోవడం చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. ఆ యంత్రానికి కావలసిన డేటా చాలా కొద్ది.

---

ప్యాకెట్_బాటసారి

డాలస్ గారు చెప్పిన దానికి చిన్న చేర్పు. స్లైస్ లేకుండానే సిమ్‌లోనే ప్రాధాన్యం రాసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ప్రతి సిమ్‌లో యాక్సెస్ క్లాస్ అని ఒకటి ఉంటుంది. మనందరి సిమ్‌లకూ 0 నుంచి 9 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. 12 భద్రతా దళాలకు, 13 నీరు, కరెంటు లాంటి ప్రజా సేవలకు, 14 అత్యవసర సేవలకు. రద్దీ మితిమీరినప్పుడు 0 నుంచి 9 వరకు ఉన్న సిమ్‌లను కొంతసేపు ఆగమని టవరు చెప్పగలదు, 14 ఉన్న సిమ్ లోపలికి వస్తుంది. సైట్ ఇంజినీర్ గారు చెప్పిన మొదటి పలకరింపు సమస్యకు ఇది అసలైన మందు. అత్యవసర విధి గారి ట్యాబ్‌కు ముందు కావలసింది ఇది, ఆ తర్వాతే స్లైస్.

---

న్యాయపక్షం (హైదరాబాద్)

‘ఎవరి వాటాలోంచి’ అన్న దానికి మన దేశంలో రాసిపెట్టిన జవాబు ఉంది. దాన్ని ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఏ వెబ్‌సైటు చూస్తున్నారన్న దాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని నిబంధన తెచ్చింది. ఫేస్‌బుక్ ఉచితంగా ఇస్తానన్న ఫ్రీ బేసిక్స్ దాంతో ఆగిపోయింది. తర్వాత 2017 నవంబరు 28న నెట్ న్యూట్రాలిటీ మీద సిఫారసులు చేసింది. 2018లో కేంద్ర టెలికాం శాఖ వాటిని ఆమోదించి లైసెన్సు నిబంధనల్లో చేర్చింది. కంటెంట్‌ను బట్టి అడ్డుకోవడం, నెమ్మది చేయడం, ముందుకు నెట్టడం, ఇవేవీ చేయకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ప్రత్యేక సేవలు ఒకటి. రిమోట్ శస్త్రచికిత్స, తనంతట నడిచే కారు లాంటివాటి గురించి అప్పట్లో మాట్లాడుకున్నారు.

ఆ మినహాయింపుకు షరతులు ఉన్నాయి. ఆ సేవకు నిర్దిష్టమైన నాణ్యత నిజంగా అవసరమై ఉండాలి. మామూలు ఇంటర్నెట్‌కు బదులుగా అది వాడుకునేలా ఉండకూడదు. మామూలు ఇంటర్నెట్ లభ్యతకూ నాణ్యతకూ దానివల్ల నష్టం కలగకూడదు. ఐరోపాలో 2015 నాటి నిబంధనలూ దాదాపు ఇదే మాట చెబుతాయి.

శివారు చెరువు గారు చెప్పిన తల్లి ఉదాహరణను ఈ మూడో షరతు దగ్గర పెట్టి చూడండి. ఖాళీ ఉన్న టవరు మీద స్లైస్ వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఖాళీ ఉన్న టవరు మీద స్లైస్‌కు ఎవరూ డబ్బు కట్టరు! రద్దీలోనే దానికి విలువ, రద్దీలోనే ఇతరులకు నష్టం. అంబులెన్సు కోసం ఆ నష్టాన్ని సమాజం భరిస్తుంది, భరించాలి కూడా. డబ్బు కట్టిన వాడి వీడియో కోసం లక్షలాది మంది భక్తుల ఫోన్లు నెమ్మదించడాన్ని నేను ఒప్పుకోను. గోదారి లైవ్ గారి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయనకు ఇస్తే రేపు పెద్ద చానెళ్లన్నీ అడుగుతాయి. వాళ్ల దగ్గర డబ్బు ఎక్కువ.

---

ప్యాకెట్_బాటసారి

న్యాయపక్షం గారితో సగం వరకే ఏకీభవిస్తాను. ఒక ప్రసారాన్ని ఇంట్లో కూర్చుని లక్ష మంది చూస్తే, వాళ్లలో కొంతమందైనా ఘాట్‌కు రావడం మానుకోవచ్చు. ఆ మేరకు అది కూడా ప్రజా ప్రయోజనమే. అధికారిక ప్రసారం ఒక్కదానికి చిన్న స్లైస్ ఇచ్చి, అన్ని చానెళ్లూ ఆ వీడియోనే పంచుకుంటే ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. ఒక వీడియోకు సెకనుకు 6 మెగాబిట్లు చాలు.

---

న్యాయపక్షం

ఒక్క ఉమ్మడి ప్రసారం, దాని వాటా ఎంతో ముందే బహిరంగంగా ప్రకటించడం. ఈ రెండూ ఉంటే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. చెప్పకుండా చేసే ఏర్పాటుకే నేను వ్యతిరేకిని. ఏ సెల్‌లో ఎవరికి ఎంత శాతం కేటాయించారో ట్రాయ్‌కైనా తెలియాలి.

---

సైట్_ఇంజినీర్_గుంటూరు

వాదన మంచి చోటికి వచ్చింది. పని చేసేవాడిగా నా మాట చెబుతాను.

గోదారి లైవ్ గారూ, ఘాట్ కదలదు. హారతి జరిగే చోటు ఏటా అదే. కదలని కెమెరాకు గాలిలో చోటు అడగడం ఎందుకు? ఆ చోటికి ముందే ఫైబర్ లాగించుకోండి. దానికి ఎవరి వాటా తగ్గించాల్సిన పనీ లేదు, ధరలో కూడా స్లైస్ కంటే తేలికగా తెగుతుంది. జనంలో తిరిగే కెమెరా ఒక్కదానికే రేడియో కావాలి. దాన్ని కూడా ఘాట్ మీద మీరు పెట్టుకునే వైఫై పరికరానికి దగ్గరి నుంచి కలిపి ఫైబర్‌లోకి దించవచ్చు. లైసెన్సు లేని బ్యాండే గనక జనం హాట్‌స్పాట్‌ల హోరు తప్పదు. యాంటెన్నాను స్తంభం మీద పెట్టి, కెమెరా తిరిగే చోటికే గురిపెడితే ఆ హోరు చాలావరకు తగ్గుతుంది.

సంస్థలు చేయాల్సింది వేరే ఉంది. చక్రాల మీద వచ్చే తాత్కాలిక టవర్లు, మెట్ల వెంట దీపస్తంభాలకు చిన్న సెల్స్, ఒక్కో ఘాట్‌కు ఇరుకైన సెక్టార్ యాంటెన్నాలు. సెల్స్ పెరిగితేనే అందరి వాటా పెరుగుతుంది. స్లైస్ ఆ తర్వాత మాట. అత్యవసర సిబ్బందికి మాత్రం ఇవన్నీ ఉన్నా స్లైస్ ఇవ్వాలనే నేను అంటాను, ఎందుకంటే వాళ్లు ఎక్కడ నిలబడాల్సి వస్తుందో ముందే తెలియదు.

ఇంకా పక్కా దారి సొంత స్పెక్ట్రమ్. రైల్వేకు 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 700 మెగాహెర్ట్జ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇచ్చింది, రైళ్ల భద్రత కోసం. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బందికి కూడా అలాంటిది ఉండాలన్నది నా కోరిక.

---

శివారు_చెరువు

బాటసారి గారూ, అమ్మేవాడిని నిద్ర సెట్టింగుల గురించి అడిగాను. కంపెనీని కనుక్కుని చెబుతానన్నాడు. ఈలోగా సెన్సర్ నుంచి స్టార్టర్‌కు గట్టు మీదుగా తీగ వేయిస్తున్నాను.

---

గోదారి_లైవ్

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. స్లైస్ కోసం అర్జీ రాద్దామని మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు అర్జీలు రాస్తున్నాను. ఒకటి ఘాట్ దగ్గరికి ఫైబర్ కోసం, మా ఖర్చుతోనే. పట్టణంలో ప్రసారాలు చేసే మిగతా బృందాలతో కూడా మాట్లాడాను, తలా కొంత వేసుకోవడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకే వీడియోను అందరం పంచుకోవడం గురించి ఇంకా వాదన నడుస్తోంది. ఎవరి లోగో వేయాలన్న దగ్గర ఆగింది.

రెండోది జిల్లా యంత్రాంగానికి. పుష్కరాల సన్నాహాల్లో టెలికాం సంస్థలతో సమావేశం పెట్టినప్పుడు మూడు విషయాలు అడగమని కోరుతున్నాం. అంబులెన్సు, పోలీసు, అగ్నిమాపక సిమ్‌ల యాక్సెస్ క్లాస్ ఏమిటి? వాటి ప్లాన్‌లలో డేటా పరిమితి ఉందా? ఘాట్ల వెంట ఏ సెల్స్‌లో వాళ్లకు ఎంత శాతం కనీస వాటా రాశారు, అవతలి ఒడ్డున కొవ్వూరు సెల్స్‌లో కూడా రాశారా? అత్యవసర విధి గారూ, మీ శాఖ తరఫున ఎవరైనా సంతకం పెడితే దానికి బరువు పెరుగుతుంది.

---

అత్యవసర_విధి

సంతకం పెట్టిస్తాను, ప్రతిని సందేశంలో పంపండి. నాలుగో ప్రశ్న కూడా చేర్చండి: ఈ ఏర్పాట్లను పుష్కరాల కంటే ముందే, నిజమైన రద్దీలో ఎప్పుడు పరీక్షిస్తారు? ఖాళీ ఘాట్‌లో మధ్యాహ్నం పూట చేసిన పరీక్ష మాకు పనికిరాదు. కార్తిక పౌర్ణమి సాయంత్రం చేయమని అడగండి. ఆ సాయంత్రం మా ట్యాబ్‌లు తీసుకుని మేమూ వస్తాం.